శూన్యాంశ దోషం

దేవరకొండ డిగ్రీ కాలేజీల
నాది ఇరవై తొమ్మిదేండ్ల కొలువు.
రైలు రాని ఊర్లె
వరండా చివర గొలుసుకు వేలాడే రైలుపట్టా ముక్క,
దాన్ని కొట్టుడు నా పని.

అడ్మిషన్లు అయినంక వారం దినాలు
కొత్త పేర్ల కాయితాలు పట్కొని గది గదికి తిరుగుత.
సార్ సంతకం పెట్టేదాక తలుపుకాడ నిలబడత.
అందుకే ప్రతి సబ్జెక్టుల మొదటి పాఠం నాకొచ్చు.
రెండోది ఏదీ రాదు.
రెండో వారానికి పత్తిచేన్ల కలుపుకు సగం బల్లలు పోతయ్,
నేను ఫైళ్లల్ల పడత.

బోటనీ మేడం గాజుపలక మీద ఉల్లిపొర పరుస్తది.
"ఇగో చూడుండ్రి, అన్నీ గదులే" అంటది.
సగం మంది కండ్లు తుడుచుకుంటరు,
ఉల్లిగడ్డకో, చూసినదానికో తెల్వదు.

ఎకనామిక్స్ సార్‌ది ఏటేటా ఒక్కటే మాట:
కోరికలకు అంతు లేదు, వనరులకు ఉన్నది.
ఇంటికి పోయి చెప్పిన.
మా యాదమ్మ బియ్యం చెరుగుతనే అన్నది,
"గీ ముక్క చెప్పనీకి జీతమిస్తరా?"

చరిత్ర గదిల ఆధారం లేని మాట చెల్లదు.
శాసనం రాతి మీద ఉన్నది గనుక రాజు ఉన్నట్టే.
ఆ రాయి మోసినోడు...
ఈడ శాంతకుమారి మేడం జర ఆగుతది,
కిటికీల నుంచి ఖిల్లా దిక్కు చూస్తది,
మల్ల చాక్‌పీసు అందుకుంటది.

స్టాటిస్టిక్స్‌ల సగటు.
వాగు సగటు లోతు మోకాళ్లదాక అని
లెక్క చూసుకొని దిగినోడు మునిగిండంట.
పిల్లలు నవ్వుతరు.
మా చిన్నాయిన డిండి వాగుల పోయిండు. నేను నవ్వ.

కెమిస్ట్రీ గదికాడ మాత్రం నా నిలబడుడే వేరు.
మూలకాలల్ల అందరికంటే ఆశపోతు ఫ్లోరిన్ అంట,
పక్కోని ఎలక్ట్రాన్ గుంజుకునేదాక దానికి నిద్ర పట్టదంట.
బోర్డు మీద పడకముందే నాకా సంగతి తెల్సు.
మాది మర్రిగూడ దిక్కు.
చేదబాయి నీళ్లు తాగి మొలిచిన పండ్లు నావి,
పసుపు గీతలు, మట్టి చుక్కలు.
మోకాళ్లు సగమే వంగుతయ్.
కృష్ణ నీళ్లు నల్లాలకెక్కేసరికి
నా ఎముకల్ల లెక్క ముగిసింది.
సార్ ఉదాహరణ కోసం వెతుకుతుంటడు.
నేను నోరు మూసుకొని నిలబడత.
వెతకనీ.

పోయిన జూలైల, ఫిజిక్స్ ల్యాబుల
నరహరి సార్ వెర్నియర్ కాలిపర్స్ పైకెత్తిండు.
కొలిచే ముందు రెండు దవడలు కలిపి చూడాలె.
సున్నా మీద సున్నా కూసోకపోతే
అది శూన్యాంశ దోషం, లెక్కల నుంచి తీసెయ్యాలె.
నాకు చానా ఇష్టం ఈ పాఠం.
కల్లు దుకాణంల లోటా చూపిచ్చి ఒకసారి చెప్పిన గూడ,
వాడు నవ్వలే.

చివరి బల్ల నుంచి ఒక చెయ్యి సగం లేచి ఆగింది.
కేతావత్ సోనా, ఎర్రగుండు తండా, రెండు బస్సులు మారి వస్తది.
పదీ యాభై అయింది.
నా ఒక చేతిల కాయితాలు, ఇంకో చేతిల సుత్తె.
బెల్లు మోగితే ఆ చెయ్యి దిగుతది.
ఇరవై తొమ్మిదేండ్లల్ల అట్ల ఎన్ని చేతులు దించిననో.
కొట్టలే.

"సార్, దీంట్ల తప్పున్నదని
ఇంకో పరికరంతోటే కదా తెల్సుడు?
మరి దాంట్ల తప్పుంటే?"

నరహరి సార్ నోరు తెరిచిండు, మూసిండు.
స్టూలు గుంజుకొని కూసున్నడు.
"నేను అడగలే బిడ్డా," అన్నడు, "ఎమ్మెస్సీల గూడ అడగలే."
ఫ్యాను సప్పుడు.
ముప్పై నలుగురు పిల్లలల్ల ఎవ్వరు పుస్తకం మూయలే.
నాలుగు నిమిషాలు.

పొద్దుమీకి ప్రిన్సిపాల్ మెమో ఇచ్చిండు,
బెల్లు ఆలస్యానికి సంజాయిషీ రాతపూర్వకంగ.
కింద ఖాళీ జాగల రాసిన:
"గడియారంలో శూన్యాంశ దోషం. సరిచేయడమైనది."

ఏ పరికరంతోటి అని
ఆయన అడగలే.